రక్షకుడి నీతి

ఇతరులను రక్షించడం మంచిపని అన్న విషయంలో మన నీతిశాస్త్రాలకు భేదాభిప్రాయం లేదు. పురాణాలు, రాజనీతి గ్రంథాలు, అవ్వలు చెప్పే కథలు అన్నీ రక్షకుడికి పెద్దపీట వేస్తాయి. అయితే రక్షణ పొందేవాడి స్థానమేమిటి, ఆ వ్యవహారంలో అతనికి నోరున్నదా లేదా అన్న ప్రశ్న వచ్చేసరికి ఈ గ్రంథాలన్నీ మౌనం వహిస్తాయి. నేను పరిశీలించదలచింది ఆ మౌనాన్నే.

ఈ పరిశీలనకు ఒక కంప్యూటర్ ఆటను ఆధారంగా తీసుకుంటున్నానంటే కొందరు విజ్ఞులు నవ్వవచ్చు. సాహిత్య విమర్శ పత్రికలో పిల్లల ఆట గొడవ ఏమిటని అడగవచ్చు. కాని ఒక సమాజం అధికారాన్ని గురించి ఎలాంటి కలలు కంటుందో తెలుసుకోవడానికి గ్రంథాలకన్న ఆటలే కొన్నిసార్లు మంచి సాక్ష్యం. గ్రంథకర్త సర్దుకుని మాట్లాడతాడు. ఆటకు ఆ మొహమాటం లేదు. చదరంగం బల్ల మీద మొదట చచ్చేది బంటేనన్న సంగతి ఏ రాజూ దాచలేదు. వైకుంఠపాళిలో నిచ్చెనా పామూ రెండూ పాచిక పడ్డట్టే వస్తాయి గాని, ఆడేవాడి యోగ్యతను బట్టి కాదు. పుణ్యపాపాలను గురించి మన పెద్దలు లోలోపల ఏమనుకునేవారో ఆ గళ్లు చూస్తే తెలుస్తుంది.

కంప్యూటర్ ఆటలలో 'దేవుడి ఆటలు' అని ఒక తెగ ఉన్నది. 1989లో ఇంగ్లండులోని బుల్‌ఫ్రాగ్ అనే సంస్థ తెచ్చిన 'పాపులస్' ఈ తెగకు మూలపురుషుడు. పీటర్ మోలిన్యూ దాని రూపకర్త. అందులో ఆడేవాడు దేవుడు. నేలను ఎత్తవచ్చు, దించవచ్చు, చదును చేయవచ్చు. చదును నేల ఎంత విశాలంగా ఉంటే భక్తులు అంత పెద్ద ఇల్లు కట్టుకుంటారు. భక్తులు పెరిగినకొద్దీ దేవుడి శక్తి పెరుగుతుంది. ఆ శక్తితో అవతలి దేవుడి భక్తుల మీదికి భూకంపాలను, అగ్నిపర్వతాలను పంపవచ్చు. ఇందులో నన్ను ఆకర్షించింది దాని నిజాయితీ. ఇక్కడ దేవుడు ప్రజలకు నేల చదును చేసేది దయవల్ల కాదు. ప్రజలే అతని పెట్టుబడి. పన్నుల కోసం చెరువులు తవ్వించిన రాజు గాని, ఓట్ల కోసం కాలువలు తవ్వించే మంత్రి గాని ఇంత సూటిగా చెప్పుకోలేడు.

2011లో యూబీసాఫ్ట్ సంస్థ ప్రచురించిన 'ఫ్రమ్ డస్ట్' మరో రకం. ఫ్రాన్సుకు చెందిన ఎరిక్ షాయీ దానిని రూపొందించాడు. ఇందులో అవతలి దేవుడు లేడు. ఒక తెగ ప్రజలు ఉన్నారు. తమ పూర్వీకుల విద్యను పోగొట్టుకుని, ముఖాలకు ముసుగులు తగిలించుకుని, ద్వీపం తర్వాత ద్వీపం దాటిపోతుంటారు. వాళ్లు వాద్యాలు వాయించి ఒక 'ఊపిరి'ని పిలుస్తారు. ఆ ఊపిరి మనమే. ఇసుకను గుప్పిట పట్టి వాగుకు అడ్డం పోయవచ్చు. నీటిని ఎత్తి మరోచోట వదలవచ్చు. కరిగిన లావాను పోస్తే అది చల్లారి రాయై గోడ అవుతుంది. సముద్రం పొంగి వస్తున్నది, కొండ నిప్పులు కక్కుతున్నది, మధ్యలో నాలుగు గుడిసెలు. వాటిని కాపాడడమే ఆట.

ఈ ఆటను నేను ఆసిఫాబాద్‌లో మా మేనల్లుడి కంప్యూటర్ మీద కొన్నాళ్లు ఆడాను. అది అందమైన ఆట. వాగుకు అడ్డంగా ఇసుక పోస్తే నీరు ఆగదు. పక్కకు తిరిగి, మనం చూడని చోట మరో గుడిసె మీద పడుతుంది. నేలకూ నీటికీ ఉన్న సంబంధాన్ని ఇంత చక్కగా చూపిన పాఠ్యపుస్తకాన్ని నేను చదవలేదు. ఒకనాడు ఒక ఊరి చుట్టూ లావాతో కోటగోడ పోస్తూ, "కట్టేముందు ఊరోళ్లను అడిగేదెట్లరా?" అన్నాను. వాడు తల ఎత్తకుండానే, "అడిగెతందుకు బటన్ లేదు మామా. ఆళ్లు మొత్తుకుంటరు, మనం చేసుడే" అన్నాడు.

ఆ కుర్రవాడు ఆట సంగతి చెప్పాడు గాని, రక్షణను గురించిన తత్వశాస్త్రమంతా ఆ రెండు ముక్కల్లో ఉన్నది. ఆ ప్రజలు ఆపదలో మొరపెట్టగలరు. దారి మూసుకుపోతే కేకవేయగలరు. కాని "ఇక్కడ కాదు, ఆ ఒడ్డున గోడ కట్టు" అని చెప్పలేరు. "మాకు నీ గోడ వద్దు, మేము గుట్ట మీదికి పోతాం" అనలేరు. ఆర్తనాదానికి హక్కున్నది, ఆలోచనకు లేదు. వాళ్లలో ఒకడు మునిగిపోతే ఊరిలోనుంచి మరొకడు పుట్టుకొస్తాడు. ముసుగు తీయని మనిషికి పేరుండదు, పేరులేనివాడి చావుకు లెక్క ఉండదు. దేవుడు ఎంత మంచివాడైనా, తాను మంచివాడో కాదో తెలుసుకునే మార్గం అతనికి లేదు. కాదనగల మనిషి ఎదుట లేకపోతే మంచితనానికి కొలబద్ద ఏది?

మన పురాణంలో ఇటువంటి ఘట్టం ఒకటి ఉన్నది. గోవర్ధనగిరి కథ తెలియని తెలుగువాడు లేడు. ఇంద్రుడు రాళ్లవాన కురిపిస్తే కృష్ణుడు కొండను పెకలించి గొడుగులా పట్టాడు. భూమి ఆకృతిని మార్చి పల్లెను కాపాడిన దేవుడికి ఇంతకన్న ఉదాహరణ ఏమి కావాలి? కాని కథ మొదలు గుర్తు తెచ్చుకోండి. ఇంద్రపూజ మానండి, ఈ కొండను పూజించండి అని గోపాలకులకు చెప్పింది కృష్ణుడే. ఇంద్రుడి కోపం వాళ్ల మీద పడింది అందువల్లనే. ఆపదను తెచ్చినవాడూ తీర్చినవాడూ ఒక్కడే. అయినా ఇది పాపులస్ దేవుడి వ్యవహారం కాదు. కృష్ణుడు వాళ్ల మధ్య కూర్చుని వాదించాడు, పెద్దలు ప్రశ్నించారు, చివరకు ఒప్పుకున్నారు. తర్వాత వాళ్లతోపాటు అదే కొండ కింద ఏడు రోజులు నిలబడ్డాడు. గొల్లలు తమ కర్రలు కూడా ఊతంగా పెట్టారని జనం చెప్పుకునే కథ. ఆ కర్రల వల్ల కొండ నిలిచిందా అని పండితుడు పరిహసించవచ్చు. జనం ఆ కర్రలను కథలోకి ఎందుకు తెచ్చుకున్నారన్నదే నాకు ముఖ్యం.

పురాణం నుంచి మా జిల్లాకు వస్తాను. ఆసిఫాబాద్ చుట్టుపక్కల నేలను పైనుంచి చూసిన మొదటి ఆధునిక దేవుడు నీటిపారుదల శాఖ కాదు, అటవీ శాఖ. నిజాం ప్రభుత్వం అడవిని కాపాడాలనుకున్నది. ఆ కోరికలో తప్పేమీ లేదు. కలప ఆదాయం సంగతి అలా ఉంచినా, అడవి నరికితే వాగులు ఎండుతాయన్నది ఆనాడే తెలిసిన సంగతి. కాపాడడం ఎలా మొదలయింది? పటం మీద గీత గీయడంతో. గీత లోపల రిజర్వు అడవి. ఆ గీతలోపల అంతకుముందే గోండుల, కొలాముల ఊళ్లున్నవి, పోడు చేలున్నవి, దేవతలున్నారు. పటం గీసినవాడికి అవి కనబడలేదు, లేదా కనబడినా అక్రమణలుగా కనబడ్డవి. అడవిని రక్షించే సిబ్బంది బాబేఝరిలో గుడిసెలు తగలబెట్టారు. అర్జీలకు జవాబు రాలేదు. 1940లో జోడేఘాట్ గుట్టల మీద కుమ్రం భీం, అతని అనుచరులు పోలీసు కాల్పులలో మరణించారు. ప్రతి ఏడూ ఆశ్వయుజ పౌర్ణమికి గోండులు అక్కడ చేరి అతన్ని తలుచుకుంటారు.

భీం తిరుగుబాటును మనం సాధారణంగా భూమి కోసం పోరాటంగా వర్ణిస్తాం. అది నిజం. దానిలో ఇంకొక అంశం కూడా ఉన్నది. నేల రూపాన్ని నిర్ణయించే పని ఎవరిదన్న ప్రశ్నను అతడు లేవదీశాడు. 'అడగడానికి బటన్ లేదు' అన్న ఆటలో బొమ్మ ఒకటి లేచి దేవుడి చెయ్యి పట్టుకున్నది.

కాల్పుల తర్వాత ప్రభుత్వానికి కారణాలు తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టింది. అప్పుడు వచ్చినవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశపు పాస్‌పోర్టు చేతిలో ఉండడంవల్ల బ్రిటిషువారు అతన్ని హైదరాబాద్ సంస్థానం దాటిపోకూడదని కట్టడి చేశారు. తానే ఒక గీతలోపల బందీ అయిన మనిషి గీతలోపలి మనుషుల దగ్గరకు రావడం చరిత్రలోని చిన్న వింత. అతడు భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండీ నేర్చుకున్నాడు. ఎవరి చేను ఎవరు లాక్కున్నారు, ఏ ఊరిని ఎప్పుడు ఖాళీ చేయించారు అని అడిగి రాసుకున్నాడు. అతని నివేదికల ఫలితంగా లక్ష ఎకరాలకు పైగా భూమి గిరిజనులకు పట్టా అయింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయింది, గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. 1987లో బెట్టీ చనిపోతే ఆమె సమాధి ఆ ఊరిలోనే కట్టారు. తర్వాత అతని అస్థికలూ అక్కడికే చేరాయి.

హైమెండార్ఫ్‌ను మంచి దేవుడిగా పూజించడం తేలిక. అభ్యుదయవాదులలో కొందరు అతన్ని ప్రభుత్వపు మనిషి అని కొట్టిపారేయడమూ అంతే తేలిక. రెండూ నాకు సమ్మతం కావు. ప్రభుత్వం అతన్ని పంపింది తుపాకి పేలిన తర్వాతనేనన్నది మరువరాదు. భీం లేకపోతే హైమెండార్ఫ్ లేడు. అతడిచ్చిన రక్షణ పైవాడి దయ మీద ఆధారపడినది గనుకనే, పైవాడు మారగానే పలుచబడింది. గిరిజనేతరులు వచ్చి భూములు ఆక్రమించడం ఆగలేదు. 1970లో భూబదలాయింపు నిషేధ నిబంధన వచ్చింది, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్లీ కాల్పులు జరిగాయి. అయినా అతని పనిలో ఒక ప్రత్యేకత ఉన్నది: భాష నేర్చుకోవడంతో మొదలుపెట్టాడు. ముసుగు వెనుక మనిషికి పేరుందని గ్రహించినవాడు రక్షించే తీరు వేరుగా ఉంటుంది.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడ మన అభ్యుదయ సాహిత్యాన్నే కొంచెం పరీక్షించవలసి ఉన్నది. ప్రకృతిని మానవుడు జయిస్తాడని మన కవులు పాడారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన కాలంలో అది న్యాయమైన ఉత్సాహమే. కరువును తలరాతగా చూసే భావవాదం మీద ఆనకట్ట ఒక దెబ్బ. కాని ఆ గేయాలలోని 'మానవుడు' అనే ఏకవచనాన్ని గమనించండి. ఆ ఏకవచనం దేవుడి ఆటలోని ఏకవచనమే. ఆనకట్ట కట్టేది మానవుడు, మునిగేదీ మానవుడే అంటే లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. కాంట్రాక్టరు, ఇంజనీరు, ఆయకట్టు రైతు, ముంపు రైతు, ముంపు రైతు దగ్గర పాలేరు, వీళ్లంతా ఒకే మాటలో కరిగిపోతారు. నెహ్రూ స్వయంగా 1958 నవంబరులో ఇంజనీర్ల ముందు మాట్లాడుతూ, ఏదైనా బ్రహ్మాండంగానే కట్టాలన్న మోజు ఒక జబ్బుగా మారుతున్నదని హెచ్చరించాడు. ఆధునిక దేవాలయాలన్న మాటను మనం పదేపదే తలుచుకున్నాం. ఈ హెచ్చరికను తలుచుకున్నవారు తక్కువ.

అదే 1958లో పాత ఆదిలాబాద్ జిల్లాలోని కడెం ప్రాజెక్టు వరదకు దెబ్బతిన్నది. 1995లో మళ్లీ గండిపడింది. 2022 జులైలో అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద దాని మీదికి వచ్చింది. అది ప్రాజెక్టు తట్టుకోగల ప్రవాహం కాదు. 18 గేట్లలో 17 ఎత్తారు, ఒకటి లేవలేదు. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది. ఆ వరదల్లోనే, ఆసిఫాబాద్ మండలంలో అడ దగ్గర పెద్దవాగు మీద ఉన్న కుమ్రం భీం ప్రాజెక్టు కట్ట దెబ్బతిన్నది. కట్ట మీద టార్పాలిన్ పట్టాలు కప్పారు. వానకు గుడిసె కురిస్తే పేదవాడు చేసే పని అదే. పది టీఎంసీల నీటిని పట్టే దేవాలయానికీ అదే గతి పట్టింది. ఆ ప్రాజెక్టుకు పెట్టిన పేరు చూడండి. నేల మీద ఊరి హక్కును గురించి ప్రాణమిచ్చినవాడి పేరు!

ప్రాణహిత కథ ఇంకా పెద్దది. వార్ధా, వైన్‌గంగా కలిసే చోట, మా జిల్లాలోని తుమ్మిడిహెట్టి దగ్గర బరాజ్ కట్టి చేవెళ్ల దాకా నీరు తీసుకుపోతామని 2008లో శంకుస్థాపన చేశారు. 152 మీటర్ల ఎత్తయితే తమ ఊళ్లు మునుగుతాయని మహారాష్ట్ర అభ్యంతరం చెప్పింది. తెలంగాణ ఏర్పడిన తర్వాత పథకాన్ని తిరగరాసి, బరాజ్‌ను దిగువన మేడిగడ్డకు మార్చారు. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం జరిగింది. 2022 జులై వరదలో కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌసులు మునిగాయి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో ఏడవ బ్లాకు పియర్లు కుంగాయి. ఎవరి బాధ్యత ఎంత అన్నది ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. పటం మీద ఒక వేలు తుమ్మిడిహెట్టి నుంచి మేడిగడ్డకు జరిగినప్పుడు, ఆ రెండు చోట్లా ఉన్న రైతుకు ఆ వేలి కదలిక ఎట్లా తెలిసింది? పత్రికలో చదివి తెలిసింది. ఆటలో గోడ తప్పుచోట పడితే మొదటినుంచి మళ్లీ ఆడవచ్చు. గోదావరి ఇసుకలో కుంగిన పియరుకు ఆ సౌకర్యం లేదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది, దానిని దాటవేయడం నాకిష్టం లేదు. వరద ముంచుకొస్తున్న రాత్రి ఊరిని అడుగుతూ కూర్చుంటే ఊరే మిగలదు. 2022లో కడెం దిగువన పోలీసులు, రెవెన్యూ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని తరలించారు. ఆ బలవంతాన్ని ఎవరైనా అన్యాయమంటారా? అంతేకాదు, ఒక ఊరు 'మాకు ముంపు వద్దు' అంటే, కింద పది ఊళ్లు దాహంతో ఎండాలా? ఊరి నోటిలో ఎప్పుడూ న్యాయమే పలుకుతుందనుకోవడం కూడా భక్తే. ఊరిలో దొర ఉన్నాడు, వడ్డీవ్యాపారి ఉన్నాడు. చాలాసార్లు ఊరి పేరిట మాట్లాడేది వాళ్లే.

ఈ ఆక్షేపణను నేను ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. ఆపదరాత్రి నీతి వేరు, ఆపదను తయారుచేసే పన్నెండు నెలల నీతి వేరు. ఆ రాత్రి అడగడానికి వేళ లేకపోవచ్చు. గేటు ఎందుకు లేవలేదు, కట్ట మరమ్మతు ఎన్నేళ్లు వాయిదా పడింది, దిగువ ఊళ్లకు హెచ్చరిక ఎప్పుడు అందాలి అన్న ప్రశ్నలకు మాత్రం ఎండాకాలమంతా వేళ ఉన్నది. అత్యవసరాన్ని చూపి సంప్రదింపును వాయిదా వేసేవాడు, సంప్రదింపు వాయిదా పడడంవల్లనే అత్యవసరం వచ్చిందన్న సంగతి చెప్పడు. కింది పది ఊళ్ల దాహం సంగతికి వస్తే, పదకొండో ఊరిని కూడా పిలిచి, లెక్కలు ముందు పెట్టి, దాని నష్టానికి దాని నోటనే వెల కట్టించడం ఒక పద్ధతి. మునిగేవాడి త్యాగాన్ని సన్మానసభలో పొగడడం మరో పద్ధతి. త్యాగం అన్న మాటను మునిగినవాడు కాక ఇంకెవరు పలికినా నాకు అనుమానం కలుగుతుంది.

ఆ 'అడిగే బటన్'ను చట్టంలో పెట్టే ప్రయత్నం మన దేశంలో జరగలేదని కాదు. 1996లో వచ్చిన షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ విస్తరణ చట్టం గ్రామసభను గుర్తించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు పోయి, వన్యప్రాణుల కోసం ఎక్కడినుంచైనా మనుషులను తరలించాలంటే ఆ గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలుసుకుని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలన్నది. చట్టం ఉన్నా పటం మీద గీత గీసే అలవాటు పోలేదు. 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం 49వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. తాడోబా నుంచి వచ్చే పెద్దపులుల దారిని కాపాడడానికి ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1 లక్షా 49 వేల హెక్టార్ల అడవిని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. దానికి పెట్టిన పేరు కూడా కుమ్రం భీం. ఆదివాసులు బంద్‌కు పిలుపిచ్చారు, ధర్నాలు చేశారు. జులైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలుపుదల చేసింది. పులి బతకాలా వద్దా అన్నది ఇక్కడ వివాదం కాదు; గోండుల ఇంటిపేర్లలో, దేవతలలో పులికి చోటున్నది. ఉత్తర్వు ముందు, ప్రశ్న తర్వాత వచ్చింది. వివాదం ఆ వరుస మీదనే.

షాయీ ఆటలో నేను ఇంకా చెప్పని సంగతి ఒకటి ఉన్నది. అంత శక్తి గల ఊపిరి కూడా ఒక పని చేయలేదు. సముద్రం పొంగినప్పుడు నీటిని ఊరి అంచున ఆపగల విద్య ఎక్కడో దూరాన ఒక రాతిలో ఉంటుంది. దానిని తేవలసినవాడు ఊరి మనిషి. అతడు నడిచి పోయి, నేర్చుకుని, నడిచి రావాలి. అతడు వచ్చి పాడిన తర్వాత అల ఊరి చుట్టూ గోడలా నిలిచిపోతుంది. దేవుడు చేయగలిగింది దారి చదును చేయడమే. రూపకర్తకు తెలిసో తెలియకో, ఆటలోని అన్ని గోడలకన్న గట్టి గోడను ఆ ముసుగు మనిషే కడతాడు.

దీనిని చూసినప్పుడు నాకు నాగోబా జాతర జ్ఞాపకం వచ్చింది. పుష్యమాసంలో మెస్రం వంశస్థులు కేస్లాపూర్‌లో కూర్చుని ఏ ఊళ్ల మీదుగా పోవాలో తేల్చుకుంటారు. చెప్పులు లేకుండా రోజుల తరబడి నడిచి, జన్నారం దగ్గర హస్తినమడుగు చేరి, ఝరిలో గోదావరి నీళ్లు ముంచుకుని, మళ్లీ నడిచి వస్తారు. ఆ నీటితోనే నాగోబాకు అభిషేకం. గోదావరి నీటిని కొండల మీదికి ఎత్తిపోసే పథకాలలో ఇదే పాతది. దాని ఆయకట్టు సున్న, దాని మరమ్మతు ఖర్చు సున్న. దీనితో పొలాలు తడవవు. తడుస్తాయని మెస్రం పెద్దలెవరూ అనరు. కాని ఏ దారిన పోవాలో, ఎక్కడ మజిలీ చేయాలో, ఝరి ఎవరు మోయాలో నడిచేవాళ్లే నిర్ణయించే పథకం మా ప్రాంతంలో నాకు తెలిసినంతలో అదొక్కటే. అడ ప్రాజెక్టు కట్టకు తర్వాత మరమ్మతు చేసేటప్పుడు దిగువ ఊళ్లవాళ్లు ఎందరు ఆ అంచనా కాగితాలు చూస్తారో, ఆ కాగితాలను వాళ్లకు ఏ భాషలో చదివి వినిపిస్తారో ఇంజనీర్లు ముందే చెప్పగలిగితే బాగుంటుంది.